మాంజ్రా రేవు మోటారు

పోయిన నెల హుమ్నాబాద్‌లో మా వదిన కాశమ్మ చనిపోయింది. ఆమె మా అన్న మాణయ్య భార్య. అన్నతో ఆమె కాపురం చేసింది ఏడాదికి కొంచెం ఎక్కువ. ఆయన లేకుండా బతికింది ఒక జీవితకాలం. నేను బీదర్‌లో బస్సెక్కి వెళ్ళేసరికి ఆమె తమ్ముడి ఇంటిముందు షామియానా వేసి ఉంది. రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే పోతున్నాయి. ఆమె రొట్టెలు చేసిన రోడ్డు పక్క భోజనాల ఖానావళిలో ఆ పూట పొయ్యి ముట్టించలేదని ఎవరో చెప్పారు. ఆమె చేతులు చూశాను. ఏళ్ళ తరబడి జొన్నపిండి తట్టీ తట్టీ అరచేతుల్లో గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక సంగతి తట్టింది. ఆ రేవునూ ఆ నావనూ మా అన్ననూ ఎరిగిన మా ఇంటివాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే, మా నాయిన ఒక చిన్న మోటారుతో ఎంత కుస్తీ పట్టాడో, అది ఎందుకు ఆగేదో చెప్పేవాళ్ళు ఉండరు. చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదు. అయినా రాస్తున్నాను.

మాది మాంజ్రా ఒడ్డున ఒక చిన్న ఊరు. మంజీర అని పుస్తకాల్లో రాస్తారు గాని, మా దిక్కు అందరూ మాంజ్రా అనే అంటారు. మా జిల్లా మైసూరు స్టేట్‌లో కలిసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. పెద్దవాళ్ళ నోట్లో ఇంకా నిజాం కాలపు మాటలే ఉండేవి, నేను మాత్రం అవతలి ఒడ్డున ఉన్న బడిలో కన్నడ అక్షరాలు దిద్దుతుండేదాన్ని. మా తాతల నాటి నుంచి రేవులో నావ నడపడమే మా ఇంటి పని. ఇంటి గోడలు ఎర్రరాతివి, పైన మట్టి మిద్దె. లోపలికి అడుగుపెడితే ముందు ఎండిన చేపల వాసన, దాని వెనక నావకు తారులా పూసే కీలు వాసన, ఆ తర్వాత పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన వచ్చేవి. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ పొద్దున్నే వాకిట్లో వలలు ఆరేసి, వాటి కన్నాలు కుట్టుకుంటూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది. ఆమె తిట్లు వినపడితేనే ఇల్లు సవ్యంగా ఉన్నట్టు లెక్క.

నాయిన పేరు ఎల్లయ్య. పొద్దున మొదటి నావ అవతలికి చేరేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నీళ్ళలోకి దిగి, దోసిలి పట్టి కళ్ళకద్దుకుని, నడుముకు చెక్కుకున్న చిన్న గుడ్డసంచిలోంచి నాలుగు జొన్నగింజలు నదిలో వేసేవాడు. ఆ తర్వాత నావ కొనమీద ఆయన, వెనక మా అన్న, ఇద్దరూ పొడుగాటి వెదురు గడలు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఒకరు గడ ఎత్తితే ఇంకొకరు నొక్కేవాళ్ళు. మధ్యలో మాటుండేది కాదు. నేను నావలో కూర్చుని వాళ్ళ వీపులు చూస్తూ బడికి పోయేదాన్ని. మా అన్నకు అప్పటికి కొత్తగా పెళ్ళయింది. వదిన కాశమ్మ ఊళ్ళోకి వచ్చిన కొత్తలో నది అంటే భయపడేది, నావలో కూర్చుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అన్న గడ వేస్తూ వేస్తూ ఆమె వైపు చూసి నవ్వేవాడు. పెద్దల ముందు అంతకన్నా ఏమీ ఉండేది కాదు.

రేవు హర్రాజులో పాడుకున్నది బీదర్ బజారులో పప్పుల వ్యాపారం చేసే రాజయ్య సేటు. మంచివాడే. నలుగురిలో గొప్పగా కనబడాలన్న కోరిక కొంచెం ఎక్కువ. ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆయన జీపులో వచ్చాడు. వెనక గోనెసంచుల మధ్య నావ వెనక బిగించే చిన్న మోటారు ఉంది. బొంబాయి రేవుల్లో ఎవరో వాడి అమ్మేసింది. పైన గుండ్రటి తల, దాన్ని చుట్టుకుని పెట్రోల్ టాంకీ, కింద నీళ్ళలోకి పోయే కాలు, దాని చివర మూడు రెక్కలు. ఊరంతా రేవు దగ్గరికి వచ్చింది.

"ఎల్లయ్యా, ఇగ గడ పక్కకు వెట్టు" అన్నాడు సేటు. "తాడు గుంజితే ఇంజన్ తిరుగుతది. నువ్వు కూసోని దిక్కు సూపిచ్చుడే. చేతులు కాయలు గాసుడు బంద్."

నాయిన మోటారును తాకాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా అన్నే అడిగాడు. "సేటూ, నది నడుమల ఆగిపోతే ఎట్ల?"

"బస్సు ఆగుతలేదారా? దిగి చూసుకుంటలేరా?"

"బస్సు ఆగితే దిగి నిలవడొచ్చు సేటూ."

అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు.

మోటారుతోపాటు ఒక మనిషి వచ్చాడు. హిందీలో గబగబా చెప్పుకుపోయాడు. పెట్రోల్‌లో ఆయిల్ ఇంత కలపాలి, తాడు ఇట్లా చుట్టాలి, ఇట్లా గుంజాలి. సాయంత్రం నావ నుంచి విప్పి ఇంటికి మోసుకుపోయేటప్పుడు టాంకీ మూత మీద ఉన్న ఈ చిన్న స్క్రూ బిగించాలి, లేకపోతే భుజం మీద పెట్రోల్ కారుతుంది. నాయిన ఒక్కో మాటకూ తల ఊపాడు. మళ్ళీ నడపబోయే ముందు ఆ స్క్రూ వదులు చెయ్యాలని మాత్రం ఆ మనిషి నోటితో చెప్పలేదు. మోటారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ తన వేలితోనే అలవాటుగా ఒక తిప్పు తిప్పుతూ ఉన్నాడేమో, చూసేవాళ్ళ కళ్ళు తాడు మీదా పొగ మీదా ఉన్నాయి. అతను సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. మేం మళ్ళీ అతన్ని చూడలేదు.

ఆ ఎండాకాలమంతా మోటారు బాగానే నడిచింది. నది సన్నగా ఉండేది, నాలుగు గుటకల నీళ్ళు తాగేంతలో అవతలి ఒడ్డు వచ్చేది. కాకపోతే టాంకీ మూత పాతది, అంచున పెట్రోల్ ఊరుతుండేది. ఇక వానలు పడతాయనగా నాయిన దానికి కూడా మందు కనిపెట్టాడు. మా అన్న సైకిల్ పాత ట్యూబు తీసుకుని, కత్తెరతో గుండ్రంగా కోసి, మూత కింద వాషరుగా వేశాడు. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు. ఆ పని చేసిన రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అవ్వను పిలిచి, మోటారును తలకిందులు చేసినంత పని చేసి చూపించాడు. "సూడు, ఒక్క బొట్టు వడ్తలేదు. సేటు సొమ్ము మట్టిపాలు కావొద్దు గదా" అన్నాడు. అవ్వ చూసి, "నావకు గూడ ఇంత సేవ జేయలే నువ్వు" అంది.

వానలు మొదలయ్యాయి. నది నిండుకుంది. అప్పుడు మొదలైంది మా కష్టం.

పొద్దున తాడు గుంజితే స్టార్ట్ అయ్యేది కాదు. ముఖ్యంగా వాన వెలిసి ఎండ కాసిన రోజు, మోటారు కాసేపు ఎండలో ఉందంటే ఇక అయిపోయినట్టే. గుంజీ గుంజీ చెయ్యి గూడలోంచి ఊడివస్తుందా అనిపించేది. లోపల పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు తడిసిపోయేది. నాయిన దాన్ని విప్పి, పంచెకొంగుతో తుడిచి, నోటితో ఊది, పొయ్యి దగ్గర వేడిచేసి మళ్ళీ బిగించేవాడు. ఎట్లాగో స్టార్ట్ అయితే, నీలం పొగ వదులుతూ బయలుదేరి, సరిగ్గా నది నడుమకు పోయేసరికి గొంతు మారేది. దగ్గినట్టు ఒకటి రెండుసార్లు చేసి ఆగిపోయేది. నావ పక్కకు తిరిగి వాలులో కొట్టుకుపోతుంటే జనం దేవుళ్ళను పిలిచేవాళ్ళు. నాయిన ముందు టాంకీ మూత తీసి, పెట్రోల్ ఉందా అని చూసేవాడు. ఉండేది. మూత పెట్టి, ప్లగ్గు విప్పి తుడిచి, మళ్ళీ తాడు గుంజేవాడు. స్టార్ట్ అయ్యేది. దాంతో ప్లగ్గు తుడవడం వల్లే అయిందని ఆయన నమ్మాడు. మేమందరం నమ్మాం.

లోపం ఎక్కడుందో అందరూ వెతికారు. పెట్రోల్‌లో నీళ్ళు కలిశాయని ఒకరన్నారు. నాయిన పెట్రోల్‌ను తెల్లటి పంచెగుడ్డలో వడపోయడం మొదలుపెట్టాడు. ఆయిల్ ఎక్కువైందని ఇంకొకరన్నారు, తగ్గించాడు. పెట్రోల్ వచ్చే సన్న గొట్టంలో నలక అడ్డం పడిందని సేటు డ్రైవరు అన్నాడు, నాయిన గొట్టం విప్పి, గుర్రపు వెంట్రుకతో శుభ్రం చేశాడు. గంగమ్మకు మోటారు ఇష్టం లేదని ఊళ్ళో ముసలమ్మలు అన్నారు. నది సన్నగా ఉన్నప్పుడు ఊరుకుంది, నిండాక కోపం చేస్తోందని వాళ్ళ లెక్క. అవ్వ ఒక కోడిని కోయించింది. ఏదీ పనిచేయలేదు. చివరికి మోటారును గోనెలో చుట్టి, బస్సు మీద వేసుకుని, నాయిన బీదర్ తీసుకుపోయాడు. చౌబారా బురుజు దగ్గర స్కూటర్లు బాగుచేసే ఖాదర్ భాయి దుకాణం. ఆ రోజు నేను కూడా వెళ్ళాను. ఖాదర్ భాయి మోటారు కాలును నీళ్ళ డ్రమ్ములో దించి, టాంకీ మూత తీసి, పెట్రోల్ వాసన చూసి, మూత పక్కనే బల్ల మీద పెట్టి తాడు గుంజాడు. అది వెంటనే అందుకుంది. ఆయన టీ తెప్పించుకుని తాగి, ఇంకొకళ్ళ స్కూటర్ చక్రం విప్పి బిగించి వచ్చేదాకా కూడా అది ఆగలేదు.

"అరే ఎల్లయ్యా, మిషన్‌ల ఏం ఖరాబీ లేదు. మంచిగ తిరుగుతాంది" అన్నాడు. "నీ హాత్‌ల ఏదో గడ్‌బడ్ ఉన్నది."

నాయిన మోటారును మళ్ళీ గోనెలో చుట్టాడు. తిరుగు బస్సులో దారిపొడవునా తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. జీవితమంతా ఒక్క మనిషికి కూడా నీళ్ళంటనీయని చేతులవి.

అప్పటినుంచి మా ఇల్లు మారిపోయింది. ఆయన మోటారును వాకిట్లో చాప మీద పెట్టుకుని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకునేవాడు. కూరలో పెట్రోల్ వాసన, దుప్పట్లలో పెట్రోల్ వాసన. నా కన్నడ పుస్తకాల అట్టల మీద ఆయన వేళ్ళ నల్లటి ముద్రలు. నదిలో జొన్నగింజలు వేయడం ఎప్పుడు మానేశాడో ఎవరం గమనించలేదు. సేటుతో చెప్పి మోటారు తీసేయమని అన్న అడిగితే నాయినకు కోపం వచ్చేది.

"నాకు చాతగాదని సేటుకు చెప్పాల్నా? రేపు ఇంకోన్ని పెడ్తడు రేవుల. ఏం తింటం?"

"ఇంకోన్ని ఎవ్వన్ని పెడ్తడు నాయినా? మనమే గడ వేస్తం అని చెప్తే సాలు."

"ఖాదర్ భాయి చేతిల నడిచింది, నా చేతిల నడుస్తలేదు. ఎందుకు నడుస్తలేదో నాకు తెల్వాలె."

అన్న ఆ తర్వాత వాదించలేదు. గడలు మాత్రం నావలోనే ఉంచేవాడు. ఆ గడలు మామూలు వరదకు పనికొస్తాయి. పెద్ద వరదకు అడుగు అందదు. అటువంటి రోజున మా తాతల కాలం నుంచీ రేవు మూసేసేవాళ్ళు. నది తగ్గేదాకా ఇవతలివాళ్ళు ఇవతల, అవతలివాళ్ళు అవతల. మోటారు వచ్చాక ఆ కట్టుబాటు సడలింది. మోటారు ఉంది కదా, ఎందుకు మూస్తావని జనమే అడిగేవాళ్ళు.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం. పైన ఎక్కడో బాగా పడిందేమో, బడి వదిలే వేళకు నది ఎర్రగా పొంగుతోంది. నేను రేవుకు వచ్చేసరికి, బడి ఉన్న ఆ ఒడ్డున, సంతకు వచ్చిన మా దిక్కు జనం గుంపుగా ఉన్నారు. నాయిన, అన్న నావతో అక్కడే ఉన్నారు. పోవద్దని అన్న అన్నాడు. జనం ఊరుకోలేదు. ఇండ్లలో పసిపిల్లలను వదిలి వచ్చిన ఆడవాళ్ళు ఏడుపు ముఖం పెట్టారు. నాయిన నది వైపు చూశాడు, మోటారు వైపు చూశాడు. టాంకీ నిండా పెట్రోల్ పోసి, మూత గట్టిగా బిగించాడు. వాన మళ్ళీ మొదలైంది. పెట్రోల్‌లో నీళ్ళు పడకుండా తన గొంగడి తీసి టాంకీ మీద కప్పాడు. అదంతా నేను ఆయన పక్కనే కూర్చుని చూశాను. మొదటి గుంజుకే మోటారు అందుకుంది. నాయిన నా వైపు చూసి నవ్వాడు కూడా.

నడుమకు పోకముందే అది దగ్గింది. ఎప్పటికంటే తొందరగా ఆగిపోయింది. ఒక్కసారిగా నది చప్పుడు మా మీదికి వచ్చి పడింది. నావ పక్కకు తిరిగింది. అన్న గడ వేశాడు, అడుగు అందలేదు. వాన అంత జోరుగా పడుతుంటే నాయిన మూత తీయలేదు. తీస్తే నీళ్ళు పోయి ఉన్నదీ చెడిపోతుందని ఆయన భయం. గొంగడి అట్లాగే ఉంచి, ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, బిగించాడు, గుంజాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ గుంజాడు.  "అందుకో తల్లీ, ఒక్కసారి అందుకో" అంటున్నాడు. ఆ మాట మోటారుతో అంటున్నాడో, నదితో అంటున్నాడో తెలియలేదు.

రేవుకు కింద కొంత దూరంలో నల్లబండలు ఉన్నాయి. వరదలో నావ అక్కడికి పోతే మిగలదు. బండలకు ముందే, వాలు మమ్మల్ని నెట్టుకుపోతున్న మా ఒడ్డున, నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్లు దగ్గరగా కనబడుతున్నాయి. అన్న నావ తాడు కొసను నడుముకు చుట్టుకున్నాడు.

"నాయినా, నేను చెట్టుకు కడ్త. నావ దానంతట అదే ఒడ్డుకు తిరుగుతది. నువ్వు వీళ్ళను కదలనియ్యకు."

"వద్దురా మాణిగా. ఇప్పుడు అందుకుంటది, ఒక్క నిమిషం ఆగు."

"అది అందుకోదు నాయినా" అన్నాడు అన్న. ఆ మాటలో కోపం లేదు. దూకాడు.

ఈదాడు. మా ఇంట్లో పుట్టినవాడికి ఈత ఒక లెక్క కాదు, అయినా ఆ నీళ్ళలో ఆయన తల ఎంత చిన్నగా కనబడిందో చెప్పలేను. చెట్టును పట్టుకున్నాడు. కొమ్మ మీదికి ఎక్కి, నడుము నుంచి తాడు విప్పి, కాండానికి చుట్టి ముడేశాడు. తాడు బిగిసింది. నావ ఒక్క కుదుపుతో ఆగి, మెల్లగా ఒడ్డువైపు తిరిగింది. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, కొమ్మలు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాం. అందరం బతికాం. అన్న ఇంకా ఆ చెట్టు మీదనే ఉన్నాడు, తాడు జారకుండా చేత్తో పట్టుకుని. అప్పుడు పైనుంచి ఒక పెద్ద మొద్దు కొట్టుకొచ్చింది. ఎవరో అరిచారు. అది వచ్చి చెట్టును తాకింది. కొమ్మ విరిగింది. తర్వాత అక్కడ ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అరుపులు విని వదిన ఊళ్ళోంచి పరుగెత్తుకొచ్చింది. నావ దిగినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. చివరికి నాయిన దగ్గర ఆగి, "ఆయనేడి మామా?" అంది. నాయిన చేతిలో ఇంకా ప్లగ్గు ఉంది.

నది తగ్గాక, దిగువన తుంగలో అన్న దొరికాడు. అన్ని ఊళ్ళవాళ్ళూ వచ్చారు. ఆ నావలో బతికినవాళ్ళు నాయిన కాళ్ళు పట్టుకుని, నీ కొడుకు మా పాలిట దేవుడన్నారు. సేటు వచ్చి తల దించుకుని కూర్చున్నాడు, మోటారు సంగతి ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. నదికి బలి అయ్యాడు, రాత, అంతే అన్నారు. అవ్వ తిట్టడం మానేసింది. వాకిట్లో వలలు చిరిగినవి చిరిగినట్టే ఉండిపోయాయి. తిట్లు లేని ఆ ఇంట్లో పొద్దున లేవాలంటే నాకు భయంగా ఉండేది. వదిన తల మీద కొంగు కప్పుకుని ఇంటి పని అంతా చేసేది. నాయినకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేది, ఆయన తినేదాకా లేచేది కాదు.

చలికాలం పోయాక ఒకరోజు నాయిన మోటారును గోనెలోంచి తీశాడు. అవ్వ చూసి, "ఆ పీనుగును నదిల పారెయ్యరాదు" అంది. ఆయన వినలేదు. వాకిట్లో నీళ్ళ డ్రమ్ము పెట్టి, దాని అంచుకు మోటారు బిగించి, పెట్రోల్ నింపి, మూత బిగించి తాడు గుంజాడు. చాలాసేపటికి అందుకుంది. ఆ చప్పుడు వినగానే లోపల అవ్వ చెవులు మూసుకుంది. కాసేపు నడిచి, ఎప్పటిలాగే దగ్గి ఆగిపోయింది. నాయిన ఎప్పటిలాగే మూత విప్పాడు.

సుయ్‌మని ఒక చిన్న చప్పుడు వచ్చింది. టాంకీ లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. నదిలో, జనం అరుపుల్లో ఎన్నడూ వినపడనిది. ఇంట్లో అంత నిశ్శబ్దం ఉంది కాబట్టి నాకు కూడా వినిపించింది.

ఆయన మూత పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మళ్ళీ బిగించి స్టార్ట్ చేశాడు. ఆగింది. విప్పాడు. సుయ్. ఈసారి మూత మీదున్న చిన్న స్క్రూ వైపు చూశాడు. దాన్ని వేలితో వదులు చేశాడు. తాడు గుంజాడు. మోటారు అందుకుంది, నడిచింది, నడుస్తూనే ఉంది. నాయిన నేల మీద కూర్చున్నాడు. పెట్రోల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి పోవాలి. స్క్రూ బిగించి ఉంటే గాలి పోదు. పాత మూత కారినన్నాళ్ళూ ఆ సందులోంచే గాలి పోయింది, అందుకే నడిచింది. తను వేసిన రబ్బరు వాషరు ఆ సందును కూడా మూసింది. ఖాదర్ భాయి దగ్గర మూతే తీసి పెట్టారు. ప్లగ్గు తుడిచిన ప్రతిసారీ స్టార్ట్ అయింది ప్లగ్గు వల్ల కాదు, అంతకుముందు మూత విప్పి చూడటం వల్ల. ఎండలో అదే మూత లోపల ఆవిరిని ఆపి, పెట్రోల్‌ను ఇంజన్లోకి తోసి, ప్లగ్గును తడిపింది. టాంకీ నిండుగా ఉంటే లోపల గాలి ఇంకా తక్కువ, ఇంకా తొందరగా ఆగుతుంది. ఇదంతా ఆయన అక్కడ కూర్చుని ఒక్కొక్కటిగా తెలుసుకున్నాడు. నాకు తర్వాత చెప్పాడు.

వదిన పిండి చేతులతో బయటికి వచ్చింది. మోటారు చప్పుడులో గొంతు పెంచి అడిగింది. "ఏమైండె మామా దానికి?"

అబద్ధం చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. నాయిన ఆమె ముఖంలోకి చూసి చెప్పాడు.

"గాలి బిడ్డా. గాలి పోలే లోపటికి. ఈ ఇస్క్రూ నేనే బిగిచ్చిన. జర వదులు చేస్తే నా కొడుకు ఉంటుండె."

వదిన దగ్గరికి వచ్చి వంగింది. ఆ స్క్రూను చూసింది. గోరంత ఉంటుంది. లోపలికి వెళ్ళింది, కాసేపటికి రొట్టె తట్టే చప్పుడు మళ్ళీ వినిపించింది. మోటారు టాంకీలో పెట్రోల్ అయిపోయేదాకా నడిచింది. నాయిన దాన్ని ఆపలేదు.

ఆ తర్వాత ఆయన ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. రేవులో ఎక్కినవాళ్ళకు చెప్పాడు, సేటుకు చెప్పాడు. నేనే చంపుకున్నానని చెప్పాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఊకో ఎల్లయ్యా, నీకేం తెల్సు, నువ్వేం సదువుకున్నవా" అని ఓదార్చారు. ఓదార్చిన కొద్దీ ఆయన ముఖం నల్లబడేది. చివరికి చెప్పడం కూడా మానేశాడు. వదినకు మారుమనువు చేద్దామని పెద్దలు అడిగితే ఆమె వద్దంది. కొన్నాళ్ళకు తమ్ముడు వచ్చి హుమ్నాబాద్ తీసుకుపోయాడు. బస్సెక్కేటప్పుడు నాయిన కాళ్ళకు మొక్కింది. ఆయన పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు మా రేవు లేదు. పైనుంచి వంతెన పోతుంది. ఎంత వరద వచ్చినా బస్సు ఆగదు, అందులో కూర్చున్న పిల్లలు కిందికి కూడా చూడరు. రాష్ట్రం పేరు కర్ణాటక అయ్యాక నేను టీచరునయ్యాను. గాలికి బరువు ఉంటుందని, ఒత్తిడి ఉంటుందని పిల్లలకు ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి కాగితం మూసి బోర్లించే ఆ చిన్న ప్రయోగం చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఏడో తరగతి పిల్లవాడికి తెలిసే సంగతి అది. మా నాయినకు చెప్పేవాళ్ళు లేకపోయారు. కాలం మారింది, సుఖం పెరిగింది, కాదనను. ఆ సుఖంలో మా ఇంటికి చెందింది ఒక్క ముక్క కూడా లేదు.

నాయిన మంచాన పడ్డప్పుడు కాశమ్మను చూడాలని కబురు పెట్టాడు. ఆమె వచ్చింది. ఆయన పక్కన కూర్చుని, నీళ్ళు తాగించి, మూతి తుడిచింది.

"నన్ను ఒక్క మాట తిట్టు బిడ్డా" అన్నాడు నాయిన. "ఎవ్వరు తిడ్తలేరు. నువ్వన్న తిట్టు."

వదిన ఆయన దుప్పటి సరిచేసింది. "గంజి తాగుతవా మామా?" అంది. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. రెండు రోజులకు పోయాడు.

చాలా ఏళ్ళకు, నా తల కూడా నెరిశాక, హుమ్నాబాద్ ఖానావళిలో ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉండగా అడిగాను. ఆ ఒక్క మాట అనేస్తే ముసలాయన నిమ్మళంగా పోయేవాడు కదా వదినా, ఎందుకు అనలేదు, ఆయన మీద జాలా, కోపమా?

ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"రెండూ గాదు" అంది. "ఆయన చెప్పకముందు నేను నదిని తిట్టుకుంటుంటి. రోజు తిట్టుకుంటుంటి. తిడ్తే జర బరువు దిగుతుండె. నది పెద్దది గదా, ఎంత తిట్టినా పడ్తది. మామ వచ్చి ఆ ఇస్క్రూ సూపెట్టిండు. అప్పటిసంది నాకు తిట్టెటందుకు ఎవ్వరు లేకపాయిరి. మామను తిడ్తే, నా మొగడు గోరంత ఇనుప ముక్క కోసం సచ్చిండని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టయితది. నాతోని కాలే."

బయటి నుంచి ఎవరో లారీ డ్రైవరు ఇంకా రెండు రొట్టెలు కావాలని కేకేశాడు. వదిన పెనం మీది రొట్టెను తిరగేసి, చేతులు దులుపుకుని లేచింది.